ఎనిమిది ఎర్ర నట్లు

కోలారు జిల్లాలో, ముళబాగిలు నుంచి నంగలి వైపు వచ్చే దారిలో ఒక పంక్చర్ అంగడి, దాన్ని ఆనుకుని ఒక టీ అంగడి ఉన్నాయి. మూడేళ్లపాటు నేను వాటి ముందునుంచి తలెత్తుకుని పోలేదు. జీపులో పోతే సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అద్దం సవరించుకునే పని పెట్టుకునేవాణ్ణి. బస్సులో పోతే అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. ఎందుకో మా ఇంట్లోవాళ్లకు సగం తెలుసు. తక్కిన సగం ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాకు ఒక జబ్బుంది. ‘తెలియదు’ అనే మాట నా నోట రాదు. ఎవరైనా దారి అడిగితే నేను చూడని ఊరికి కూడా దారి చెబుతాను. టమాటా ఆకు ముడుచుకుంటే ఏ మందు కొట్టాలో, బోరు ఎన్ని అడుగులు వేస్తే నీళ్లు పడతాయో, అన్నీ చెబుతాను. ఊళ్లో నన్ను ఆటపట్టిస్తారు గానీ అడగడం మాత్రం మానరు. మా ఆవిడ ఒక్కతే నవ్వేది కాదు. “మీ నోరు ఒకనాడు ఎవర్నో ఒకర్ని ముంచుతాది” అనేది. నేను పట్టించుకునేవాణ్ణి కాను.

మిలిటరీవాళ్లు వాడి వదిలేసిన సామాను వేలంలో కొని అమ్మే బ్రోకరు దగ్గర నేను ఒక ట్రైలర్ కొన్నాను. రెండు చక్రాలది. జీపు వెనక తగిలించి టమాటా పెట్టెలు కోలారు మార్కెట్‌కు తోలుకోవచ్చనీ, మామిడి కాపు వచ్చినప్పుడు ఇంకొకరి బండి కోసం కాచుకోనక్కర్లేదనీ ఆశ. దాని ఇనుము మందం చూసి మురిసిపోయాను. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, వెనక తలుపు మీద తెల్లటి అంకెలు, వాటి పక్కన బాణం గుర్తు. ఊళ్లోకి తెచ్చిన రోజు చుట్టూ చేరినవాళ్లతో ఇది మంచుకొండల్లో ఫిరంగులు లాగిన బండి అని చెప్పాను. అది ఏం లాగిందో నాకేం తెలుసు? ఉల్లిగడ్డల మూటలు లాగి ఉంటుంది.

చిక్కంతా చక్రాలతోనే వచ్చింది. ఒక టైరు అరిగి నున్నగా అయిపోయింది. రెండోది ఎండకు పగిలి, నెర్రెల్లో వేలు దూరేట్టుగా ఉంది. టైర్లు బిగించే డిస్కులు తుప్పు తిని రేకులు లేస్తున్నాయి. ముళబాగిలులో టైర్ల అంగడికి పోయి పదహారు ఇంచీల చక్రాలు కావాలన్నాను.

“పదహారులో పది రకాలుండాయి సార్. డిస్కుకు ఎన్ని రంధ్రాలు? రంధ్రానికీ రంధ్రానికీ నడుమ దూరమెంత?” అని అడిగాడు అంగడాయన.

ఐదు రంధ్రాలని చెప్పాను. అది నిజమే. దూరం మాత్రం చూసుకోలేదు. ‘చూసి చెప్తాను’ అని ఉంటే సరిపోయేది. “జీపు కొలతే” అన్నాను. ఆయన నా మొహం కేసి ఒకసారి చూసి, తన దగ్గర లేవనీ, బెంగళూరుకు పోయి వెతుక్కోమనీ అన్నాడు.

ఇంటికి వచ్చి దారం పట్టుకుని కొలిచాను. నాలుగు రంధ్రాలో ఆరు రంధ్రాలో ఉంటే ఒకదానికి ఎదురుగా ఇంకొకటి ఉంటుంది, దారం లాగితే కొలత వచ్చేస్తుంది. ఐదింటికి ఎదురనేది ఉండదు. ఆ మాట నాకు తట్టలేదు. ఒక రంధ్రం నుంచి ఎదురుగా ఉన్నట్టు కనబడ్డ రంధ్రానికి దారం లాగి, ముడి వేసి, స్కేలు మీద పెట్టి, ఆ అంకె చీటీ మీద రాసుకున్నాను. ఆ అంకెతో బెంగళూరులో పాత సామాను అంగళ్లన్నీ తిరిగి రెండు డిస్కులు కొన్నాను. బస్సు డిక్కీలో వేసుకుని ఊరికి తెచ్చాను.

మళ్లీ జనం చేరారు. ఒక బోల్టు దూరితే తక్కినవి ఇనుముకు కొట్టుకున్నాయి. నడిమి బొక్క కూడా చిన్నది, ఇరుసు మూతి అందులో దూరలేదు. తిప్పి పెట్టాను, బోర్లించి పెట్టాను, సుత్తితో తట్టాను. అరుగు మీద కూర్చున్న మా చిన్నాన్న తాపీగా అన్నాడు: “మిలిటరీవాళ్లు దీన్ని ఏమిటికి అమ్మినారో ఇప్పుడు తెలిసిందప్పా.”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, ఆ అంగడివాడు వేరే డిస్కులు అంటగట్టినాడని చెప్పాను. వాడు నేను చెప్పిన అంకెకు సరిపోయేవే ఇచ్చాడు. బెంగళూరులో ఎక్కడో ఉన్నవాడు, వాడి చెవిన పడదు, వాడికి నష్టమూ లేదు. అందుకే ఆ అబద్ధం సాయంత్రానికల్లా మరిచిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, తరవాత చెప్పబోయేదానికి అది ఒక రకంగా సాధన.

నాలుగు రోజుల తరవాత, నేను మొదట చెప్పిన టీ అంగడిలో ఒక లారీల ఓనరు కలిశాడు. టమాటా లోడు తోలే మనిషి. నా అవస్థ విని, ఆండర్సన్‌పేటలో ఒక పెద్దాయన ఉన్నాడన్నాడు. “బంగారు గనిలో ఫిట్టరుగా చేసినాడు. గని మూసేసినాంక ఇంటి ముందరే పని. నా లారీలన్నీ ఆయన దగ్గరికే పోతాయి. ఆయన చెయ్యి పడిన నట్టు ఊడిందనే మాట లేదు.”

ఆండర్సన్‌పేటకు పోయాను. గని కార్మికుల పాత ఇళ్ల వరుసలో చివరిది ఆయన ఇల్లు. ముందు రేకుల పంచ, పంచలో రైలు పట్టాల కింద వేసే పాత దుంగ, ఆ దుంగకు బిగించిన, ఇనుమును కరిచిపట్టే వైసు, గోడకు వరసగా వేలాడే స్పానర్లు. డెబ్భై దాటిన మనిషి. మందపాటి కళ్లద్దాలు, ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల చొక్కా. నేను చీటీ తీసి అంకె చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నంబరు వద్దప్పా. నంబరు నోటితో చెప్తారు, నోరు తప్పుతాది. బండి యాడుండాది, పోదాం పద.”

జీపులో మా ఊరికి వచ్చాడు. చక్రం ఊడదీయించి, సంచిలోంచి ఒక పాత క్యాలెండరు తీశాడు. వాళ్ల చర్చివాళ్లు పంచినది, తమిళ అక్షరాలు. దాని వెనక తెల్ల వైపును ఇరుసు మూతి మీద పరిచి, గ్రీజు అంటిన బొటనవేలితో నెమ్మదిగా రుద్దుకుంటూ పోయాడు. ఐదు బోల్టులూ, నడిమి గుండ్రమూ ఉన్నవి ఉన్నట్టుగా కాగితం మీద దిగాయి. పక్కన ఆయన వేలిముద్రలు కూడా. నా దారం చూపించి, నేను ఇట్లా కొలిచానని చెప్పాను. ఆయన నవ్వలేదు. “ఐదుకు ఎదురు ఉండదు గదప్పా” అని మాత్రం అన్నాడు. అంత చిన్న మాట. దానికోసం నేను బెంగళూరు తిరిగొచ్చాను.

మరునాడు ఇద్దరం కలిసి మళ్లీ బెంగళూరు పోయాం. ఆయన అంగడివాళ్లతో బేరం గానీ మాటలు గానీ పెట్టుకోలేదు. డిస్కుల గుట్ట దగ్గరికి పోవడం, కాగితం పరవడం, తల అడ్డంగా ఊపడం. నాలుగో అంగడిలో కాగితం మీది ఐదు మచ్చలూ ఐదు రంధ్రాల్లో కూర్చున్నాయి. టైర్ల దగ్గర మాత్రం నేను ముందుకు దూకాను. నిగనిగలాడే జత ఒకటి చూసి అవే తీసుకుందామన్నాను. ఆయన గోటితో ఒకదాని పక్క గీకాడు. నల్ల రంగు పొరగా లేచింది. దాని కింద పగుళ్లున్నాయి.

“పైరంగు చూసి తీసుకోవద్దప్పా” అన్నాడు. వెనక మూల దుమ్ము పట్టి పడి ఉన్న ఇంకో జతను ఏరి తీశాడు.

ఆ చక్రాలు ఆయన పంచలోనే బిగించాడు. అప్పుడు చెప్పాడు, ఇవి మామూలు డిస్కులు కావని. రెండు కొబ్బరి చిప్పలు ఎదురెదురుగా పెట్టినట్టు రెండు ముక్కలు, మధ్యలో టైరు. లోపలి వరసలో ఐదు నట్లు చక్రాన్ని ఇరుసుకు పట్టుకుంటాయి. బయటి వరసలో ఎనిమిది నట్లు ఆ రెండు చిప్పల్నీ ఒకటిగా పట్టుకుంటాయి. టైరులో గాలి ఉండగా ఆ ఎనిమిదీ విప్పితే చిప్పలు విడిపోయి ఎదురుగా ఉన్న మనిషి మీదికి వస్తాయి. గాలి కొట్టేటప్పుడు కూడా చక్రానికి గొలుసు చుట్టి, నన్ను గుమ్మం లోపలికి పొమ్మన్నాడు. తరవాత ఎర్ర పెయింటు డబ్బా తెచ్చి, రెండు చక్రాలకూ బయటి ఎనిమిది నట్లకు ఒక్కొక్కదానికీ బ్రష్షుతో దట్టంగా రంగు వేశాడు.

“గనిలో ఎరుపు వేసినదాన్ని ఎవురూ ముట్టేది లేదు. ఎవరు వేసినారు, ఏమిటికి వేసినారు అని అడిగేది కూడా లేదు. ఇంజినీరైనా సరే, చెయ్యి ఎనక్కి తీసుకోవాల్సిందే. ఏదీ, నువ్వు చెప్పు.”

“ఎర్రవి ముట్టగూడదు.”

“ఇంగొకసారి.”

పిల్లవాడిలా రెండోసారి కూడా చెప్పాను. నాకు కొంచెం కోపం వచ్చింది. ఈ వయసులో నా చేత పాఠం అప్పజెప్పించడమేమిటని. అయినా అప్పజెప్పాను. కూలి కంటే మామిడి పళ్ల మీద ఆయనకు ఎక్కువ మక్కువని తెలిసి, కాపు రాగానే తెచ్చిస్తానన్నాను.

ఆయుధపూజ దగ్గరికొచ్చింది. మిలిటరీ ఆకుపచ్చ రంగు మనలాంటివాళ్ల బండికి ఉండకూడదని బ్రోకరు ముందే చెప్పాడు. పెయింటరును పిలిచి తొట్టికి నీలం, చక్రాలకు వెండి రంగు వేయమన్నాను. పెయింటరు చక్రాల దగ్గర ఆగాడు.

“అన్నా, ఈ నట్లకు ఎవరో కావాలని ఎరుపు వేసినట్లుండాది. వదిలేద్దునా?”

అంతకు ముందురోజే మా చిన్నాన్న “చక్రాలకు బొట్లు ఎవరు పెట్టినారప్పా” అని అందరి ముందూ ఎగతాళి చేశాడు. పూజ రోజు ఫోటో తీసి బంధువులందరికీ పంపాలని నా ఆలోచన. ఆ ఎర్ర మచ్చలు ఫోటోలో చికెన్ గున్యా దద్దుర్లలా కనబడతాయనిపించింది. ఎర్రవి ముట్టగూడదని నాకు తెలుసు కదా, తెలిసినవాడికి గుర్తెందుకు అనుకున్నాను.

“కప్పేయప్పా” అన్నాను.

ఇంకెవరో చేసిన పని కాదు ఇది. అడిగారు, ఆలోచించాను, చెప్పాను. పూజ రోజు చక్రాలు వెండి పళ్లేల్లా మెరిశాయి. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, ఫోటో తీసి అందరికీ పంపాను. చాలా మంది మెచ్చుకున్నారు.

మూడు నాలుగు నెలల తరవాత ఒక పొద్దున టమాటా లోడుతో కోలారుకు పోతున్నాను. ఆ పంక్చర్ అంగడి దగ్గరికి వచ్చేసరికి ట్రైలర్ ఒక పక్కకు వాలుతున్నట్టనిపించి ఆపాను. ఎడమ టైరులో మేకు దిగి ఉంది. గాలి సగం పోయింది, సగం ఉంది. పంక్చర్ వేసే అతను ముప్పై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. జాకీ పెట్టి చక్రం లేపాడు. నేను టీ అంగడిలో గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఎప్పుడూ ఉండే పదిమందీ ఉన్నారు, లారీల ఓనరు కూడా ఉన్నాడు. మిలిటరీ బండి గొప్పదనం మీద నేను అప్పటికే మాట్లాడుతున్నాను.

“అన్నా, ఇట్లాంటి చక్రం నేను ముందెన్నడూ చూళ్లేదు. రెండు వరసలుండాయి. ఏవి విప్పల్ల?” అని అతను అక్కడి నుంచే అడిగాడు.

చక్రం కేసి చూశాను. అన్నీ వెండి రంగే. రెండు వరసల్లో ఒకటి ముట్టకూడదని నాకు గుర్తుంది. ఏ వరసో గుర్తు లేదు. నేను నేర్చుకున్నది ‘ఎర్రవి’ అన్న ఒక్క మాటే. బయటివా లోపలివా అన్నది నా తలలో ఎప్పుడూ లేదు, అది నట్ల మీద ఉండింది. ఒక్క ఫోను చేసి ఉంటే పెద్దాయన చెప్పేవాడు. లేదంటే గాలంతా తీసేయమని ఉంటే ఏ వరస విప్పినా ఏమీ అయ్యేది కాదు. పదిమంది నాకేసి చూస్తున్నారు, అంతసేపూ ఆ బండి గురించి నేనే చెబుతూ ఉన్నాను.

నా తడబాటు వాళ్లకు తెలియకూడదని చక్రం దాకా పోయి, అతనికి మాత్రమే వినబడేట్టు “బయటివి” అన్నాను.

అతను కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. నేను టీ అంగడిలోకి తిరిగొచ్చి మళ్లీ మాటల్లో పడ్డాను. ఐదు నట్లు వచ్చాయి. ఆరోదాని మీద స్పానర్ ఉండగా తక్కినవి తెగిపోయాయి. ఆ శబ్దానికి టీ అంగడి రేకులు అదిరాయి. దుమ్ము తగ్గాక చూస్తే అతను రెండు గజాల అవతల కుడిచెయ్యి కడుపుకు అదుముకుని కూర్చుని ఉన్నాడు. అరవలేదు. చెయ్యి ఏ ఆకారంలో ఉందో చూసి నేను మొహం తిప్పుకున్నాను.

లారీల ఓనరు అతన్ని తన కారులో కోలారు ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను జీపులో వెంట పోయాను, ఖర్చు పెట్టుకున్నాను, సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ప్రాణం పోయే గాయం కాదన్నారు. చెయ్యి దక్కుతుంది గానీ రెండు వేళ్లు ఇక వంగవన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఓనరూ నేనూ టీ అంగడి దగ్గర ఆగాం. జనం ఇంకా అక్కడే ఉన్నారు. విరిగిన చిప్పను గోడకు ఆనించి పెట్టారు.

“ఈ చక్రం ఎవురు బిగించినారు?” అని ఎవరో అడిగారు.

నిజం చెప్పడానికి నాకు ఎంత సమయం కావాలంటే అంత ఉంది. నన్ను ఎవరూ తొందర పెట్టలేదు. “ఆండర్సన్‌పేట ముసలాయన” అన్నాను. అక్కడితో ఆపినా అబద్ధం కాదు. ఆపలేదు. “ఆయనకు ఇప్పుడు కండ్లు సరిగ్గా కనబడేది లేదు. ఏదో తప్పు బిగించినాడు.”

లారీల ఓనరు విరిగిన చిప్ప కేసి చూశాడు. తరవాత, “అద్దాలు మందమే కదా, నేనూ చూసినా” అన్నాడు. ఆ మాటతో నా అబద్ధానికి ఇంకో మనిషి తోడొచ్చాడు. పైగా అందరూ నన్నే మెచ్చుకున్నారు. ఇంకొకడైతే బండి వదిలేసి పారిపోయేవాడనీ, నేను కాబట్టి ఆసుపత్రి దాకా పోయాననీ. మెచ్చుకుంటుంటే విన్నాను.

ఆ మాట ఆయన చెవిన కూడా పడినట్టుంది, వారం తిరక్కముందే పెద్దాయన బస్సెక్కి మా ఊరికి వచ్చాడు. వీధి మలుపులో సంచీతో నడిచి వస్తుంటే చూసి, నేను ఇంట్లో లేనని చెప్పమని మా ఆవిడతో చెప్పాను. ఆమె నా మొహం కేసి చూసి, బయటికి పోయి అట్లాగే చెప్పింది. నేను గుమ్మం పరదా వెనక నిలబడ్డాను. లారీ మీద వేసుకొచ్చి ఇంటి ముందు దించిన ట్రైలర్ దగ్గరికి ఆయన పోయాడు. కుడి చక్రం ఇంకా దానికే ఉంది. దాని ముందు గొంతుకూర్చుని, బయటి వరసలో ఒక నట్టును గోటితో గీకాడు. వెండి పొర లేచింది. కింద ఎరుపు. ఇంకొకటి గీకాడు. ఎనిమిదీ గీకలేదు, రెండు చాలనుకున్నట్టున్నాడు. లేచి, మా ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగి, బస్సుకు టైమైందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు రాత్రి మా ఆవిడ అన్నం పెట్టి పక్కన కూర్చోలేదు. “ఆయనేమైనా అన్నాడా?” అని అడిగాను. “నీళ్లు బాగుండాయి అన్నాడు” అంది. అంతే.

ఆ ఏడు మామిడి బాగా కాసింది. ఒక పెట్టె పళ్లు ఆండర్సన్‌పేటకు పంపాలని కట్టించి, ఎవరి చేత పంపాలో తెలియక, పళ్లు మెత్తబడేదాకా ఇంట్లోనే ఉంచాను. పంక్చర్ అతను ఆరు నెలలకు మళ్లీ అంగడి తెరిచాడని విన్నాను. నేను చెప్పిన మాట అతను ఎవరికైనా చెబుతాడని రోజూ ఎదురుచూశాను. ఎక్కడా ఆ మాట బయటికి రాలేదు. అది నాకు ఊరటగా ఉండింది. ఆ ఊరట గురించే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

మూడేళ్లు ట్రైలర్ మామిడి తోటలో రాళ్ల మీద పడి ఉంది. ఈమధ్య ఒక రైతు వచ్చి, చక్రం వేసి ఇస్తే తీసుకుంటానన్నాడు. మళ్లీ ఆ డిస్కు, ఆ టైరు వెతకాలి. బీరువాలో క్యాలెండరు కాగితం అట్లాగే ఉంది, గ్రీజు మచ్చలు కొంచెం పసుపు తిరిగాయి. అది పట్టుకుని కోలారులో ఒక టైర్ల అంగడికి పోయాను. నన్ను ఎరగని మనిషి. కాగితం విప్పగానే ఆయన మొహం వెలిగింది.

“ఇది ఆండర్సన్‌పేట పెద్దాయన పని గదా. ఇట్లా అచ్చు తీసేది ఆయనొక్కడే. పాపం, ఇప్పుడు పని చేసేది లేదు. కండ్లు పోయినాయంట. నంగలి పక్క ఎవరికో చక్రం తప్పు బిగిస్తే ఒకని చెయ్యి పోయిందంట. అప్పట్నుంచి ఎవురూ ఆయన దగ్గరికి పోయేది లేదు.”

ఒక టీ అంగడిలో నేను అన్న మాట కోలారు దాకా నడిచి వచ్చి, నాకే కొత్త కబురుగా చెబుతోంది. నేనేమన్నానో తెలుసా? “అవునా” అన్నాను. కాగితం మడుచుకుని బయటికి వచ్చాను. అక్కడి నుంచి ఇంటికి పోలేదు, ఆండర్సన్‌పేట బస్సెక్కాను.

పంచలో దుంగ ఉంది. దాని మీద వైసు లేదు, బోల్టులు పీకిన నాలుగు రంధ్రాలున్నాయి. గోడకు స్పానర్లు లేవు, అవి వేలాడిన చోట్ల సున్నం తెల్లగా ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, వేలెడంత అక్షరాల పుస్తకం కూడా కాదు, చీమతలలంత అక్షరాల తమిళ బైబిలు చదువుకుంటున్నాడు. నన్ను గేటు దగ్గరే గుర్తుపట్టి రమ్మన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

“పెద్దయ్యా, ఆ ఎరుపు నేనే కప్పించినాను. బయటివి విప్పమని నేనే చెప్పినాను. తప్పు నీ కండ్ల మీద పెట్టింది కూడా నేనే.”

“ఎరుపు సంగతి తెలుసునప్పా” అన్నాడు. “వచ్చి చూసినా గదా. నువ్వు గుమ్మంలో పరదా ఎనక నిలబడి ఉంటివి. పరదా కింద నీ కాళ్లు కనబడె.”

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నేను చెప్తే తప్పించుకునేకి చెప్తా ఉండాడంటారు. అది చెప్పాల్సింది నేను కాదు.” పుస్తకంలో దారం పెట్టి మూశాడు. “నాకు తెలిసిందే నాకు చెప్తే ఏమి లాభమప్పా. యాడ చెప్పినావో ఆడ చెప్పు.”

క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. మామిడి పళ్ల సంగతి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మరునాడు పొద్దున ఆ టీ అంగడికి పోయాను. మూడేళ్ల తరవాత. టీ చెప్పి, లారీల ఓనరు ఉండడం చూసి, నిలబడే చెప్పాను. పెద్దాయన తప్పేమీ లేదనీ, ఆయన ఎరుపు వేస్తే నేనే కప్పించాననీ, బయటివి విప్పమన్నది నేనేననీ, ఆయన కళ్లు బాగానే ఉన్నాయనీ. అందరూ విన్నారు. ఒకరిద్దరు తలలూపారు. లారీల ఓనరు నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నీది పెద్ద మనసప్పా. ముసలాయన పరువు కాపాడల్లని నీ మీద వేసుకుంటా ఉండావు. ఇంగ వదిలేయి, అయిపోయిన కత.”

“లేదు, నిజంగానే నేనే” అన్నాను.

“సరేలేప్పా” అన్నాడు, మంచివాణ్ణి ఊరుకోబెట్టినట్టు. మాటలు టమాటా రేటు మీదికి పోయాయి. అబద్ధం ఒక్కసారి చెబితే పదిమందీ నమ్మారు. నిజం రెండుసార్లు చెప్పినా, అది కూడా నా గొప్పతనం కిందికే జమ అయింది. టీ గ్లాసు అక్కడే పెట్టేశాను.

నా మాట నిజమని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. పక్క అంగడిలోకి పోయాను. అతను ఎడమచేత్తో ట్యూబుకు ఆకురాయి రుద్దుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు నిటారుగా ఉన్నాయి, ట్యూబును వాటితో అదిమిపెట్టాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

“ఆ పొద్దు నువ్వు నన్ను ఏమడిగినావో, నేను ఏమి చెప్పినానో వాళ్లకు చెప్తావా?” అన్నాను. “నేను చెప్తే నమ్మేది లేదు.”

అతను ఆకురాయి పక్కన పెట్టాడు.

“ఇన్నాళ్లు నన్ను ఎవురూ అడగలేదన్నా” అన్నాడు.

తరవాత ట్యూబును నీళ్ల తొట్టి అంచున వేసి, చేతులు గుడ్డకు తుడుచుకుని, నాకంటే ముందు టీ అంగడి వైపు నడిచాడు. నేను అతని వెనకే పోయాను.